ఆగమమా, ఆదేశమా?

'హోటలు' అన్న మాటను ఒకసారి గమనించండి. ఇంగ్లీషులో అది ప్రధానంగా బస చేసే చోటు. తెలుగులోకి వచ్చిన తరువాత అది భోజనం చేసే చోటయినది. బసకు 'లాడ్జి' అనే మరొక మాటను మనం వేరుగా తెచ్చుకొన్నాము. చివర ఒక ఉకారం తగిలించి, అర్థాన్ని కొంచెం పక్కకు జరిపి, ఆ మాటను ఎంత మనదిగా చేసుకొన్నామంటే, ఈనాడు పల్లెలో అక్షరం రాని అవ్వ కూడా దానిని పరాయి మాట అనుకోదు. మాటల విషయంలో ఇంత సునాయాసంగా జరిగిపోయే పని, ఆ మాట సూచించే హోటలు విషయంలో ఎందుకు ఇంత కష్టమవుతున్నది? ఒక వేషంతో, ఒక పేరుతో పదిమంది ఎరిగిన భోజనశాల కాలంతో పాటు మారుతూ తానుగానే మిగలడం ఎట్లా?

జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకొన్నవాడికి హోటళ్ళ గొడవ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. కారణం ఉన్నది. ఈ మధ్య ఒక తండ్రీ కొడుకుల తగవు నా దగ్గరకు తీర్పుకు వచ్చినది. దానిని గురించి ఆలోచిస్తూ పోగా, నాకు తెలిసిన వ్యాకరణమే అక్కడ అక్కరకు వచ్చినది.

ముందుగా మా ప్రాంతం గురించి నాలుగు మాటలు. ఉప్పల్, నాచారం హైదరాబాదు నగరానికి తూర్పు వాకిళ్ళు. ఉప్పల్ చౌరస్తా దాటిన బస్సు ఘట్‌కేసర్, భువనగిరి, జనగామల మీదుగా వరంగల్లు చేరుతుంది. నాచారం కార్ఖానాల వాడ. ఎన్.టి. రామారావు గారు 1976లో నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో కూడా ఇక్కడిదే. కార్ఖానా కూలీలు, సినిమా వారు, వరంగల్లు బస్సు కోసం నిలబడిన వారు, వీరందరూ తినడానికి వచ్చే చోటు కాబట్టి ఇక్కడ మెస్సులకూ చాయ్ దుకాణాలకూ ఎన్నడూ కొదువ లేదు. 2005 నవంబరు 16న ఉప్పల్ స్టేడియంలో భారత్, దక్షిణాఫ్రికాల మధ్య అంతర్జాతీయ వన్డే పోటీ జరిగినది. అప్పటి నుండి ఆట ఉన్న రోజు ఉప్పల్ వేరు, లేని రోజు ఉప్పల్ వేరు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. 2022 మార్చి 28న యాదగిరిగుట్టలో పునర్నిర్మించిన ఆలయం తెరుచుకొన్న తరువాత శని, ఆదివారాలలో ఈ దారిన వెళ్ళే యాత్రికులు బాగా పెరిగారు. 2023 జూన్‌లో చౌరస్తా మీద స్కైవాక్ లేచినది. వీటి నడుమ, ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఎత్తయిన వంతెన రోడ్డు పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగినవి. ఆ దుమ్ములో ఎన్ని దుకాణాలు చితికిపోయినవో ఈ దారిన తిరిగిన వారికి తెలుసు.

ఈ మార్పులన్నిటి మధ్యలో నా పాత విద్యార్థి ఒకడు, నాచారం నుండి ఉప్పల్ వెళ్ళే దారిలో, సుమారు పదిహేనేళ్ళ క్రితం ఒక 'పల్లెటూరి హోటలు' పెట్టాడు. సిమెంటు కప్పు కింద తాటాకుల పందిరి. గోడకు ఎడ్లబండి చక్రం. మూలన రోలు, రోకలి, చాట. దూలానికి వేలాడే లాంతరు, అందులో విద్యుద్దీపం. కూర్చోవడానికి పీటలు. వడ్డించే పిల్లల తలలకు రుమాళ్ళు, భుజాన గొంగళ్ళు. నీళ్ళు లేని ఒక ఉత్తుత్తి బావి, దానికి గిలక, గిలకకు చేద. మోదుగాకు విస్తరిలో జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు, సర్వపిండి. మొదట్లో ఆదివారం నాడు బయట బల్లల మీద కూర్చుని వంతు కోసం ఎదురు చూసేవారు. ఇప్పుడు ఆ బల్లలు ఖాళీగా ఉంటున్నవి.

అతని కొడుకు హోటలు నిర్వహణ చదువుకొన్నవాడు. ఒక సలహాదారును వెంటబెట్టుకొని వచ్చి లెక్కలు వేశాడు. ఆ లెక్క ప్రకారం పందిరి తీసివేయాలి, గోడలకు తెల్లరంగు, లోపల ఏసీ. వంటలు ఊరి బయట ఒక ఉమ్మడి వంటశాలలో తయారై, సగం ఉడికిన కూరలుగా ఇక్కడికి రావాలి. ఇక్కడ ఆరుగురు వంటవారికి బదులు ఇద్దరు చాలు. పేరు కూడా కురచ చేయాలి. వంటకాల పట్టికలో సర్వపిండి ఇకమీదట 'తెలంగాణ స్పైసీ పాన్‌కేక్', పచ్చిపులుసు 'రా టామరిండ్ సూప్'. ఈ పట్టికకు తెలుగు ప్రతిని దిద్దిపెట్టమని అడగడానికే తండ్రీ కొడుకులు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. వచ్చి, నా ఎదుటనే తగవుపడ్డారు.

"గోడకు కొట్టిన మేకు సుత కదలొద్దు సార్. మనుషులు ఈ పల్లెను చూసే వచ్చిండ్రు. ఈ పోరడు మొత్తం పీకేస్తా అంటుండు" అన్నాడు తండ్రి.

"డాడీ చెప్పినట్టు చేస్తే అది మ్యూజియం అవుతుంది సార్, హోటల్ కాదు. జనం ఒకసారి వస్తున్నారు, బావి దగ్గర ఫోటో దిగుతున్నారు, మళ్ళీ రావడం లేదు. ఆర్డర్లలో సగం ఫోన్ల మీదనే పోతున్నవి. డబ్బాలో బండి చక్రం పెట్టి పంపలేము కదా" అన్నాడు కొడుకు.

ఆ చివరి మాట నన్ను ఆలోచింపజేసినది. డబ్బాలో బండి చక్రం పోదు. గోడ మీది పల్లె గోడ మీదనే ఉండిపోతుంది. ఇంటికి చేరే వాడికి అందేది రుచి, పేరు, దానిని చుట్టి పంపిన తీరు. అయితే ఇన్నాళ్ళూ ఆ హోటలును హోటలుగా నిలిపినది ఏది?

ఈ ప్రశ్నకు మన సాహిత్యంలోనే ఒక పాత ఆధారం ఉన్నది. చిత్రమేమంటే అది ఉప్పల్ నుండి బయలుదేరే ఈ దారికి ఆవలి కొసన, ఓరుగల్లులో ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము'లో (ఇది శ్రీనాథునిదని వాదించే వారూ ఉన్నారు) మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల రాజధాని వీధులలో తిరుగుతారు. అక్కడ లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట ఒక రూక ఇస్తే భోజనం. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, చక్కెర, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. కవి ఆ ఇంటి గోడల సంగతి చెప్పలేదు, దూలాల సంగతి చెప్పలేదు. ఇంటివాని పేరు చెప్పాడు, వెల చెప్పాడు, విస్తరిలో ఏమేమి పడతాయో చెప్పాడు. శతాబ్దాలు గడిచినా ఆ పూటకూటి ఇల్లు మనకు గుర్తుపట్టేటట్టుగా ఉన్నదంటే ఆ మూడింటి వల్లనే. గురజాడ వారి 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మకు సొంతపేరు కూడా వినబడదు, ఆమె చేసే పనే ఆమె పేరు.

ఇది పాతకాలపు మాట అనుకొంటే, మన నగరంలోనే సాక్ష్యాలున్నవి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి సికింద్రాబాదు దాటితే 'ప్యారడైజ్' అనే స్టేషను వస్తుంది. ఆ పేరు మొదట ఒక సినిమా టాకీసుది. 1953లో ఆ టాకీసును ఆనుకొని చిన్న క్యాంటీనుగా మొదలైన హోటలుకు ఆ పేరు వచ్చినది. హోటలు వల్ల అది చౌరస్తా పేరుగా స్థిరపడి, చౌరస్తా నుండి రైలు స్టేషనుకు ఎక్కినది. ఈలోగా టాకీసు కనుమరుగైపోయినది, క్యాంటీను అంతస్తుల భవనమైనది, వేరు ఊళ్ళలో శాఖలు వెలిసినవి. పుట్టిన చోటు పోయినా పేరు, బిరియానీ మిగిలినవి.

ఇరానీ హోటళ్ళ కథ ఇంకా విపులమైన పాఠం. ఇరాన్ నుండి బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చిన కుటుంబాలు వీధి మూలలలో తెరిచిన ఈ హోటళ్ళకు పాలరాతి బల్లలు, వంపు కర్రల కుర్చీలు, సాసరులో చాయ్ గుర్తులు. ఆబిడ్స్ గ్రాండ్ హోటలు 1935 నాటిది. మూల స్థలాల వెలలు ఆకాశానికంటిన తరువాత, కుర్చీని ఒక చాయ్ మీద గంటసేపు అప్పగించే ఆ వ్యాపారం అద్దెను మోయలేకపోయినది. ఎన్నో హోటళ్ళు మూతపడినవి. పాలరాతి బల్లలను చివరి దాకా అట్టిపెట్టుకొన్న వారిలోనూ మూతపడిన వారున్నారు. మరొక వంక రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ కేఫ్‌ను చూడండి. 1978లో మొదలైన ఈ కేఫ్‌లో పనివాడుగా చేరిన బాబూరావు గారే తరువాత దాని యజమాని అయ్యారు. ఇప్పుడు దాని కొత్త శాఖలు బంజారా హిల్స్, హైటెక్ సిటీ వంటి చోట్ల అద్దాల మేడలలో ఉన్నవి. పాత ఇరానీ హోటలు చూసిన కళ్ళకు అవి ఇరానీ హోటళ్ళలాగే ఉండవు. అయినా చాయ్ తాగే జనం వాటిని నీలోఫర్‌గానే గుర్తిస్తున్నారు.

ఎందుకంటే ఇరానీ చాయ్ ఉన్నది బల్లలో కాదు. మూత బిగించిన పాత్రలో డికాక్షను సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గుతుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడే దాకా కాగుతవి. రెండూ కలిసేది కప్పులోనే. అన్నిటినీ ఒకే గిన్నెలో వేసి ఐదు నిమిషాలలో మరిగిస్తే అది మంచి చాయ్ కావచ్చును కాని ఇరానీ చాయ్ కాజాలదు. దానితోపాటు 'పౌనా' అనే ఒక్క మాట ఉన్నది. పాలు ఎక్కువగా, డికాక్షను తక్కువగా అని దాని అర్థం. ఆ మాట వినగానే లోపల చెయ్యి దానంతట అదే కొలత మార్చుకొంటుంది. చేసే తీరు, పిలిచే మాట ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి. ఆ ముడి విప్పితేనే హోటలు చెదురుతుంది.

బెంగుళూరులో 1924లో పుట్టిన మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కరువైతే గోధుమరవ్వతో ఇడ్లీ చేశారని చెబుతారు. కరువు తీరిన తరువాత రవ్వ ఇడ్లీ పోలేదు, వారి గుర్తుగానే స్థిరపడినది. ఇక కాకినాడ సుబ్బయ్య హోటలు వారి బుట్ట భోజనం తెలియని వారు అరుదు. ఇంటికి పట్టుకెళ్ళే భోజనాన్ని బుట్టలో సర్ది ఇవ్వడం వారి అలవాటు. ఆ బుట్టను చూసిన వారికి లోపల ఉన్నది ఎక్కడి భోజనమో వేరుగా చెప్పనక్కరలేదు. డబ్బాలో బండి చక్రం పెట్టి పంపలేమన్న మా కుర్రవాడి ప్రశ్నకు కాకినాడ వారు ఫోన్లు రాకముందే జవాబు చెప్పి ఉంచారు.

ఇక్కడ నేను వ్యాకరణం దగ్గరకు వస్తాను. పాఠకులు భయపడవద్దు, రెండు సూత్రాలకు మించి చెప్పను. మాటలు కలిసినప్పుడు కలిగే మార్పులు ముఖ్యంగా మూడు తెరగులు. ఒక వర్ణం కొత్తగా వచ్చి చేరడం ఆగమం. ఉన్న వర్ణాన్ని తొలగించి మరొకటి ఆ చోట కూర్చోవడం ఆదేశం. ఉన్నది జారిపోవడం లోపం. ఆగమం మిత్రుని వలె వస్తుందనీ, ఆదేశం శత్రువు వలె వస్తుందనీ వైయాకరణులు చెబుతారు. 'మా' పక్కన 'అమ్మ' చేరితే నడుమ యకారం వచ్చి 'మాయమ్మ' అవుతుంది. 'మా' చెడలేదు, 'అమ్మ' చెడలేదు. వచ్చిన యకారం ఇద్దరినీ కలిపినది. ఆదేశంలో అట్లా కాదు. 'వాడు కొట్టె' అన్నది 'వాడు గొట్టె' అయినప్పుడు కకారం తన చోటు వదలి వెళ్ళిపోవలసినదే.

అయితే ఆదేశాన్ని మొత్తంగా నిందించడం కూడా తగదు. కకారం వెళ్ళిన చోటికి గకారమే వచ్చినది. రెండూ కంఠంలో పుట్టేవే. టకారం పోతే డకారం, తకారం పోతే దకారం. ఖాళీ అయిన చోటు దగ్గరి చుట్టానికే దక్కుతుంది. అందువల్లనే 'గొట్టె' అన్నా వినేవాడికి 'కొట్టె' అన్న అర్థం చెడదు. దారిన పోయే అక్షరాన్ని పట్టుకొచ్చి అక్కడ కూర్చోబెడితే మాటే మరొకటి అవుతుంది.

తండ్రీ కొడుకుల ముందు ఒక తెల్లకాగితం పెట్టి మూడు గళ్ళు గీశాను. హోటలులో మీరు మార్చాలనుకొనే ప్రతిదీ వీటిలో ఏదో ఒక గడిలో వేయండి అన్నాను.

లోపం గడి త్వరగా నిండినది. ఉత్తుత్తి బావి, ప్లాస్టిక్ మామిడాకులు, చెవులు చిల్లులు పడేటట్టు మోగే జానపద గీతాల రికార్డు, వడ్డించే పిల్లల గొంగళ్ళు. గొంగడి చలికీ వానకూ గొల్లవారి భుజాన ఉండవలసినది. మే నెలలో వేడి పులుసు మోసే పిల్లవాడి భుజాన దానికి పని లేదు. ఇవి రామకృష్ణ స్టూడియోలో వేసే సెట్టు వంటివి. కెమెరా చూసే వైపే వీటికి రూపం ఉంటుంది, వెనుక వెదురు బొంగులు. గోడకు ఏదైనా ఉండాలనుకొంటే ఈ వరంగల్లు దారిలోనే పెంబర్తి ఇత్తడి పని ఉన్నది, కొంచెం పక్కకు వెళితే చేర్యాల నకాషీ పటాలు ఉన్నవి. చేసిన వారి ఊరి పేరుతో సహా అవి గోడకు ఎక్కవచ్చును. బావి సంగతి వచ్చినప్పుడు తండ్రి కాసేపు మాట్లాడలేదు. తరువాత తానే పెన్ను తీసుకొని బావిని ఆ గడిలో వ్రాశాడు.

ఆగమం గడిలో పీటల పక్కన వీపు ఆనే కుర్చీలు వచ్చినవి. మోకాళ్ళ నొప్పులున్న నా వంటి వారు పీట మీద కూర్చొంటే లేవడానికి ఇద్దరు కావాలి. పల్లెలో కూడా ముసలివారికి మంచం వేసే పెడతారు కాని నేల మీద కూర్చోమనరు. ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి, మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి, ఫోనుతో డబ్బు చెల్లించే పద్ధతి, వంటింటి పొగను లాగివేసే గొట్టం. ఈ గొట్టం పెడితే పల్లె వాసన పోతుందని తండ్రి ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదట. ఆ పొగలో నిలబడే వారిని ఒకసారి అడగమన్నాను.

ఆ అడగడం కోసమే మరునాడు నేను కూడా హోటలుకు వెళ్ళాను. వంటింటిలో సర్వపిండి చేసే ఆమె జనగామ వైపు నుండి వచ్చినది. అందరూ 'అక్క' అంటారు. హోటలు మొదలైన రెండేళ్ళకు చేరినదట. సలహాదారు చెప్పిన లెక్కలో కోత పడే నలుగురిలో ఆమె కూడా ఉన్నది. ఆ సంగతి ఆమెకు తెలుసునని ఆమె ముఖం చూస్తే అర్థమైనది, కాని దానిని గురించి ఒక్క మాట అనలేదు. సర్వపిండి ఎందుకు ఆలస్యమవుతుందో మాత్రం వివరంగా చెప్పినది.

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి, ఆ ముద్దను గుండ్రని లోతు గిన్నె లోపలి గోడలకు పలుచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడ బెజ్జాలు చేసి నూనె వదులుతారు. గిన్నె వంపు వల్ల అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, అంచు పలుచగా, మధ్య మెత్తగా వస్తుంది. అందుకే దీనిని కొన్ని చోట్ల గిన్నప్ప అనీ, తపాలచెక్క అనీ అంటారు. పాత్ర పేరే వంటకం పేరు అయినది. చిక్కంతా రెండవ దాని దగ్గర వస్తుంది. "కాలే గిన్నెకు పిండి ఒత్తితే చెయ్యి కాలుతది, పిండి అంటదు సార్. గిన్నె సల్లారాలె" అన్నది ఆమె. ఆ చల్లారే సమయాన్నే సలహాదారు వృథా అని లెక్క కట్టాడు. చదునైన పెనం మీద వేస్తే గంటకు మూడింతలు చేయవచ్చునన్నాడు. పెనం మీద చేస్తే అది రొట్టె అవుతుంది. 'గిన్నప్ప'లో గిన్నె పోయిన తరువాత మిగిలేది ఏమిటి?

ఆదేశం గడిలో తేల్చవలసిన విషయం ఇదే. కట్టెలపొయ్యికి బదులు గ్యాసు వచ్చినప్పుడు ఏ నష్టమూ జరగలేదు. మంట పోయి మంటే వచ్చినది, గిన్నెను చుట్టుముట్టే సెగ అట్లాగే ఉన్నది. చేతితో కుట్టిన మోదుగ విస్తరికి బదులు యంత్రంలో ఒత్తిన మోదుగాకు పళ్ళెం రావచ్చును, ఆకు అదే. ఇవి దగ్గరి చుట్టాల ఆదేశాలు. గిన్నె చోట పెనం, అక్క చేతి కారం చోట డబ్బా మసాలా, సర్వపిండి చోట పాన్‌కేక్ అనే మాట, ఇవి చుట్టరికం లేని ఆదేశాలు. వీటిలో పేరు మార్చడం అన్నిటికన్నా చౌకగా కనిపిస్తుంది, ఒక కార్డు అచ్చు వేస్తే చాలు. కాని మోయలేని ఖరీదు దానికే ఉన్నది. సర్వపిండి అని అడగడం వస్తేనే రేపు ఒక పిల్లవాడు దానిని మరొక చోట కూడా వెదుక్కొంటాడు, ఇంట్లో నాయనమ్మను చేయమంటాడు. తెలియని వారి కోసం పేరు కింద అదేమిటో ఒక వాక్యంలో చెప్పవచ్చును. అది ఆగమం. నేను దిద్దిన పట్టికలో అట్లాగే వ్రాసి ఇచ్చాను.

కుర్రవాడు తెలివైనవాడు. వెంటనే మరొక మాట అడిగాడు. "గిన్నెలోనే చేసినా డబ్బాలో మూసి పంపితే ఇంటికి చేరేసరికి మెత్తబడుతున్నది సార్. దానికి వ్యాకరణంలో మందు ఉన్నదా?" అన్నాడు. నవ్వుతూ అడిగినా ప్రశ్న నిజమైనది. మూసిన ప్లాస్టిక్ డబ్బాలో ఆవిరి బయటకు పోలేక పిండిని నానబెడుతుంది. దీనికి మందు చెప్పినది అక్కనే. "జరసేపు ఆరనిచ్చి, మోదుగాకుల సుట్టి, కాయితం సంచిల వెట్టి మూతి కట్టకుండ్రి" అన్నది. ఆ రోజు సాయంత్రం నాలుగు పొట్లాలు అట్లా కట్టి హబ్సిగూడ దాకా పంపించి చూశారు. అంచు కరకరలాడుతూనే ఉన్నదని చెప్పారు. ఆకు పొట్లం విప్పగానే వచ్చే వాసన వేరు. ఇది వారి బుట్ట భోజనం కావచ్చును.

చివరకు ఒప్పందం ఈ విధంగా కుదిరినది. ఉమ్మడి వంటశాల మాట దసరా దాకా ఎత్తరు. సర్వపిండికి గిన్నెలు నాలుగు నుండి పదికి పెంచుతారు. ఒకటి చల్లారేలోపు మరొకటి పొయ్యి మీద ఉంటుంది. ఇద్దరు చిన్నవాళ్ళు అక్క దగ్గర పని నేర్చుకొంటారు. పొగగొట్టం వెంటనే పెడతారు. పందిరి సంగతి ఇంకా తేలలేదు. దుమ్ము పడుతుందని కొడుకు, చల్లగా ఉంటుందని తండ్రి. తాటాకుకు, ఏసీకి పొత్తు కుదరదని నాకు కూడా తోస్తున్నది, కాని అది నా శాస్త్రంలోని విషయం కాదు కనుక ఊరకున్నాను.

లేచి వెళ్ళేటప్పుడు కుర్రవాడు అన్నాడు: "మీ ఆగమం బాగానే ఉన్నది సార్. కాని దానికి సుత ఖర్చు ఉంటది కదా. ఆరు గిన్నెలు, ఇద్దరి జీతాలు, గొట్టం. అద్దె ఒప్పందం వచ్చే ఏడాది తిరగరాయాలె. ఆ లెక్క ఎవరు కడతరు?"

అతడన్నది నిజమే. వ్యాకరణంలో వర్ణం రావడానికి అద్దె ఉండదు. లక్ష్మణవజ్ఝల వారి ఇంటి ముందు కూడా వంటకాలతో పాటు వెల చెప్పక తప్పలేదు. తినేవాడు ఆ రూక పెట్టబట్టే ఆ ఇల్లు సాగినది. పల్లె రుచి కావాలని కోరే మనం, దానికి తగిన వెల చూసి ముఖం చిట్లిస్తే, గిన్నెను పెనంగా మార్చినది ఆ కుర్రవాడు మాత్రమే అనడానికి వీలుండదు.

కొత్త పట్టికలో సర్వపిండి వెల పది రూపాయలు పెరిగినది. ఆ పెరుగుదల కింద ఏమైనా వ్రాయమంటారా అని అడిగితే, 'గిన్నెలో చేసినది, పావుగంట పడుతుంది' అని వ్రాసి ఇచ్చాను. మొన్న ఆదివారం యాదగిరిగుట్ట నుండి తిరిగి వస్తున్న ఒక కుటుంబం ఆ వాక్యం చదివి, ఫరవాలేదు ఆగుతామన్నదట. మరొక బల్ల వారు ఆగలేమని వెళ్ళిపోయారట. దసరాకు ఇంకా రెండు నెలలున్నది. ఆ రెండు బల్లలలో ఏది ఎక్కువ నిండుతుందో చూడాలి.